మన ఎండకు, మన వానకు తగిన టన్నెల్

ప్రశ్న: మాది చేవెళ్ల దగ్గర రెండెకరాల ఎర్రనేల. ఆరేళ్లుగా రసాయనాలు లేకుండా కూరగాయలు పండించి, ప్రతి ఆదివారం హైదరాబాద్‌లో మూడు అపార్ట్‌మెంట్లకు నేరుగా ఇస్తున్నాం. అక్కడివాళ్లు లెట్యూస్, చెర్రీ టమాట, రంగు క్యాప్సికం, జుకినీ, బేసిల్, స్ట్రాబెర్రీ ఉన్నాయా అని అడుగుతున్నారు. పాలీహౌస్ కట్టే స్తోమత లేదు. కమాన్ల మీద కప్పు వేసే చిన్న టన్నెల్ ఒకటి వేద్దామని ఉంది. అయితే మా బావగారు నిరుడు వెదురు బద్దల మీద పాలిథిన్ కప్పి టమాట పెట్టారు. మధ్యాహ్నమయ్యేసరికి మొక్కలు వాలిపోయేవి, పూత రాలిపోయింది. చివరికి పీకి చూస్తే వేళ్ల నిండా బుడిపెలు. అది చూశాక అడుగు ముందుకు పడటం లేదు. ఎంత సైజు వేయాలి, పైన ఏం కప్పాలి, ఏ పంటలు పెట్టాలి? (ఒక పాఠకురాలు, రంగారెడ్డి జిల్లా)

సమాధానం:

అమ్మా, మీ బావగారి టన్నెల్‌లో రెండు వేర్వేరు జబ్బులు కలిశాయి. పూత రాలింది వేడికి. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 22, 23 కంటే కిందికి దిగకపోతే టమాట పుప్పొడి పనిచేయదు, పూత నిలవదు. నాలుగు వైపులా పాలిథిన్ మూసిన గూడులో మన దగ్గర ఫిబ్రవరిలోనే ఆ వేడి వస్తుంది. మొక్కలు వాలింది మాత్రం వేళ్లలోని నులిపురుగుల వల్ల. బుడిపెలు కట్టిన వేరు నీళ్లు సరిగా లాగలేదు. పొద్దున, సాయంత్రం మొక్క బాగానే కనిపిస్తుంది, ఎండ ఎక్కగానే తల వాలుస్తుంది. అది చూసి నీళ్లు చాలలేదనుకుని ఇంకా పెడతారు, ఉన్న వేళ్లు కూడా కుళ్లుతాయి. మొదటి జబ్బుకు మందు కట్టే తీరులో ఉంది, రెండోదానికి మందు ఈ వేసవిలో ఉంది. రెండూ సర్దుకున్నాకే పంటల మాట.

టన్నెల్ చలి దేశాల్లో దుప్పటి, మనకు అది గొడుగు. వాళ్లు వేడిని లోపల ఆపుకోవడానికి కడతారు. మనం వానను, మంటెండను, పురుగును బయట ఆపడానికి కట్టుకోవాలి. అందుకే వీడియోల్లో కనిపించే కొలతలు, మూతలు అలాగే దించుకుంటే మన దగ్గర పంట ఉడికిపోతుంది. మీకు కావలసింది కప్పు మీద మాత్రమే పాలీఫిల్మ్, నాలుగు గోడలకూ వల, వేసవిలో ఫిల్మ్ తీసేసి షేడ్‌నెట్ వేసుకునే వీలు.

వెదురు వద్దు. చెదలు, తేమ తగిలి రెండో ఏటికే భూమి దగ్గర మెత్తబడుతుంది. గాలివానకు అక్కడే విరుగుతుంది. జీఐ పైపు 20 అడుగుల పొడవులో దొరుకుతుంది కాబట్టి ఆ పొడవును బట్టే కొలతలు పెట్టుకుంటే ముక్కలు వృథా పోవు. ఇంచుంపావు పైపును రెండు చివర్లా ఆరేసి అంగుళాలు తిన్నగా వదిలి, మధ్య 19 అడుగులను అర్ధచంద్రంగా వంచితే 12 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు కమాను వస్తుంది. దీన్ని నిలబెట్టడానికి ఇంచున్నర పైపును అయిదేసి అడుగుల ముక్కలుగా కోయించి, 2 అడుగులు కాంక్రీటులో, 3 అడుగులు నేలపైన ఉండేలా పాతండి. కమాను చివర్లు ఈ ముక్కల్లోకి ఆరంగుళాలు దిగాక ఒక బోల్టు. మధ్యలో మొత్తం ఎత్తు 9 అడుగులు వస్తుంది. పక్కన కూడా మనిషి కొద్దిగా వంగితే నడవగలడు. ఇంచున్నర పైపు మందం ఎక్కువున్న రకమైతే దాంట్లోకి ఇంచుంపావు పైపు దూరదు. షాపులోనే ఒకదాంట్లో ఒకటి పెట్టి చూసి కొనండి.

పొడవు 70 అడుగులు చాలు. అయిదడుగులకొక కమాను చొప్పున 15 కమాన్లు, పాతడానికి 30 ముక్కలు, అంటే ఇంచుంపావువి 15 పైపులు, ఇంచున్నరవి 8 పైపులు. కమాన్లను కలుపుతూ నడినెత్తిన ఒకటి, రెండు భుజాల మీద రెండు, మొత్తం మూడు వరసల అంగుళం పైపు. రెండు చివర్లలోని మొదటి గదులకు, అంటే మొదటి రెండు కమాన్ల మధ్య జాగాకు, ఏటవాలు కట్లు తప్పనిసరి. అవి లేని టన్నెల్ గాలి తోసినప్పుడు కమాన్లన్నీ ఒకేవైపు ఒరుగుతాయి. ఇదంతా కలిపి 840 చదరపు అడుగులు, ముప్పావు గుంటకు కాస్త ఎక్కువ. పొడవు ఇంతకంటే పెంచాలనిపిస్తే ఆగండి. రెండో టన్నెల్ పక్కన, మధ్య 6 అడుగులు వదిలి కట్టుకోవడం మేలు. వెడల్పు పెంచినా, పొడవు పెంచినా నడిమధ్య గాలి ఆడదు.

పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. అప్పుడు పొద్దున తూర్పు ఎండ, సాయంత్రం పడమటి ఎండ అన్ని మడులకూ సమంగా అందుతాయి. వానాకాలపు పడమటి గాలి పక్క వలల్లోంచి అడ్డంగా దూసుకుపోతుంది, లోపలి ఆవిరినీ లాక్కుపోతుంది. అదే గాలి పక్క నుంచి కొడుతుంది గనుకే కాంక్రీటు, ఏటవాలు కట్ల దగ్గర పైసలు మిగుల్చుకోవద్దంటున్నాం.

కప్పుకు 200 మైక్రాన్ల యూవీ ఫిల్మ్. 7 మీటర్ల వెడల్పుది 23.5 మీటర్ల పొడవు కావాలి. కిలోల లెక్కన అమ్ముతారు, సుమారు 30 కిలోలు తూగుతుంది. అదే కొలతకు తూకం బాగా తక్కువ వస్తే మందం తక్కువున్నట్టే. ఫిల్మ్‌ను మేకులతో, తాళ్లతో కాదు, గాడి ఉన్న అల్యూమినియం ప్రొఫైల్‌లో జిగ్‌జాగ్ స్ప్రింగుతో బిగించండి. ఏటా తీసి వేయాలంటే అదొక్కటే దారి. పైపు ఎండకు కాలి, ఆనిన చోటే ఫిల్మ్ ముందుగా పెళుసవుతుంది. పైపుల మీద పాత ఫిల్మ్ ముక్క చుడితే అక్కడ నిలుస్తుంది. గాలి లేని రోజు, పొద్దున ఎండ కాస్త ఎక్కాక వేసి బిగుతుగా లాగాలి. చల్లటి వేళ వేస్తే మధ్యాహ్నానికి సాగి వదులవుతుంది, ఆ సంచుల్లో వాన నీరు నిలిచి చిరుగుతుంది.

పక్కలకు, రెండు చివర్లకు 40 మెష్ (అంగుళానికి 40 కన్నాలు) ఇన్‌సెక్ట్ నెట్. చివరి గోడలకు పైదాకా వలే పెట్టాలి, ఫిల్మ్ వద్దు. వేడి గాలి పైకి చేరి అక్కడినుంచే బయటికి పోవాలి. వల అడుగు అంచును అడుగు లోతు కందకంలో వేసి మట్టి కప్పండి. తలుపులు రెండు ఉండాలి, మధ్య అయిదడుగుల జాగా. ఒకటి మూశాకే రెండోది తెరవాలి. తట్టలతో, నీళ్ల పైపుతో లోపలికీ బయటికీ తిరిగేటప్పుడు రెండు తలుపులూ తెరిచి రాయి అడ్డం పెట్టే అలవాటు ఉంటే నెట్ కొనడమే దండగ. తెల్లదోమకు ఒక్క పూట చాలు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. 40 మెష్ తెల్లదోమను, కాయ తొలిచే పురుగుల రెక్కల పురుగులను ఆపుతుంది, అంతకంటే సన్నగా ఉండే తామర పురుగును (త్రిప్స్) ఆపదు. అంతకంటే సన్నని వల వేస్తే గాలి ఆడదు. తామర పురుగుల మీద అదుపు టన్నెల్ చుట్టూ పది అడుగుల శుభ్రతలోనే ఉంది. ముఖ్యంగా వయ్యారిభామ. 2000లో అనంతపురం జిల్లా వేరుశనగను ఊడ్చేసిన కాండంకుళ్లు తెగులు గుర్తుందా? ఆ వైరస్ ఈ కలుపు పుప్పొడిలో ఉండి, తామర పురుగుల ద్వారా పంటకు అంటుకుంది. టమాటకు వచ్చే మొవ్వుకుళ్లు వైరస్‌ను మోసేది కూడా తామర పురుగులే. పూత రాకముందే వయ్యారిభామను పీకేయండి. పూశాక పీకితే తామర పురుగులను టన్నెల్ మీదికి దులిపినట్టే.

కప్పు మీద పడే నీటిని కూడా లెక్క కట్టుకోవాలి. 50 మిల్లీమీటర్ల వాన పడితే ఈ కప్పు నుంచి దాదాపు 3,900 లీటర్లు రెండు పక్కలా దిగుతాయి. రెండు వైపులా అడుగున్నర వెడల్పు కాలువ తవ్వి ఏటవాలుగా కుంటకో, నీటిగుంతకో దారి చూపించండి. లేదంటే ఆ నీళ్లు వల కిందినుంచి లోపలి మడుల్లోకే ఊరతాయి. పైన పొడిగా ఉండి కింద వేరు కుళ్లే టన్నెళ్లకు ఇదే కారణం.

ఇక వేళ్ల బుడిపెలు. టన్నెల్ ఎక్కడ కట్టాలో నిర్ణయించే ముందు ఆ జాగాలో ఉన్న పాత టమాట, వంగ, బెండ మొక్కలను పదిచోట్ల గడ్డపారతో మెల్లగా లేపి, నీళ్లలో కడిగి చూడండి. చిక్కుడు, అలసంద వేళ్లకు కూడా బుడిపెలుంటాయి, వాటితో కంగారు పడొద్దు. అవి వేరుకు పక్కన అంటుకుని ఉంటాయి, గోటితో గీస్తే ఊడి వస్తాయి, చిదిమితే లోపల గులాబీ రంగు. నులిపురుగు బుడిపె ఊడదు. వేరే ఉబ్బి, ముడులు ముడులుగా అల్లం కొమ్ములా కనిపిస్తుంది. పదిలో రెండు మూడు మొక్కలకు ఇది కనిపించినా ఆ జాగా వదిలేయండి. జొన్న లాంటివి నడిచిన చెలక ఉంటే అక్కడికి మారండి. తోట మొత్తం అంటుకుని ఉంటే ఆ మడుల్లో ఒక పంట ఒత్తుగా బంతి వేసి, కలియదున్ని, తర్వాత టమాటకు రండి.

జాగా ఏదైనా, మొదటి వేసవి నేలకే ఇవ్వండి. మార్చిలో కమాన్లు నిలబెట్టండి, పైన ఏమీ కప్పొద్దు. మడులు చేసి, బాగా తడిపి, 25 నుంచి 50 మైక్రాన్ల పారదర్శక షీటును నేలకు అంటుకునేలా పరిచి అంచులు మట్టిలో పూడ్చండి. నల్ల షీటు పనికిరాదు, అది తానే వేడెక్కి ఆగిపోతుంది. ఏప్రిల్ మధ్యలో మొదలుపెట్టి రోహిణి కార్తె నడిచేదాకా, అంటే అయిదారు వారాలు అలాగే ఉండనివ్వాలి. నేల తడిగా ఉంటేనే వేడి కిందికి దిగుతుంది. పొడి నేల మీద పరిచిన షీటు వల్ల కలుపు గింజలు కూడా చావవు. పై ఆరంగుళాల్లో ఉన్న నులిపురుగులు, కుళ్లు శిలీంధ్రాలు చాలామటుకు పోతాయి, లోతులో ఉన్నవి మిగులుతాయి. అందుకే షీటు తీశాక లోతుగా తవ్వొద్దు, పైపైన గీసి వదలండి.

ఖాళీ అయిన ఆ నేలలోకి మంచి శిలీంధ్రాలను మనమే దించాలి. 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడె కలిపి, నీడలో గోనెలు కప్పి, చేతికి తడి తగిలేలా నీళ్లు చల్లుతూ వారం పది రోజులు ఉంచండి. తెల్లని బూజు అల్లుకున్నాక మూడు మడులకూ పంచేయొచ్చు. నులిపురుగు ఉన్న నేలైతే ఇదే కుప్పలో నులిపురుగు గుడ్లను తినే శిలీంధ్రం పేసిలోమైసిస్ కూడా కిలో కలపండి. దీంతోపాటు మడికి 30 కిలోల వర్మీకంపోస్ట్ చాలు. బయట పొలానికి వేసినట్టు బండ్లకొద్దీ ఎరువు లోపల పోయకండి. టన్నెల్‌లో వాన కడగదు, ఎరువుల్లోని లవణాలు, బోరు నీటిలోని లవణాలు పై పొరలోనే పేరుకుంటాయి. మడి అంచుల మీద తెల్లటి పొర కనిపిస్తే అర్థం అదే. ముందు దెబ్బతినేది లెట్యూస్. అందుకే మృగశిర తొలకరి వానలు పడేటప్పుడు కూడా ఫిల్మ్ వేయొద్దు. రెండు మూడు మంచి వానలు మడుల మీద నేరుగా పడి లవణాలను కిందికి దించాక, జూన్ చివరి వారంలో కప్పు వేయండి. ఏటా ఇదే పద్ధతి. మార్చి ఆఖరుకు ఫిల్మ్ విప్పి, చుట్టి, నీడలో పెట్టేస్తే ఏప్రిల్, మే నెలల గాలివానలకు, వడగళ్లకు చిరగదు. ఎండకు కాలే నెలలు తగ్గుతాయి కాబట్టి ఎక్కువ ఏళ్లు వస్తుంది.

పన్నెండడుగుల వెడల్పులో 2 అడుగుల 8 అంగుళాల మడులు మూడు, మధ్య అడుగున్నర దారులు రెండు, గోడల పక్కన ఆరేసి అంగుళాలు. మడి ఎత్తు 9 అంగుళాలు. తలుపుల జాగా పోను మడి పొడవు 64 అడుగులు మిగులుతుంది. మడికి రెండు ఇన్‌లైన్ డ్రిప్ పైపులు, అడుగుకొక రంధ్రం, గంటకు 2 లీటర్లది. అంటే మడికి గంటకు 260 లీటర్లు. ప్రతి మడికీ విడి వాల్వు పెట్టించండి, పెద్ద ఖర్చు కాదు. లెట్యూస్‌కు, టమాటకు ఒకే నీళ్లు పెడితే రెంటిలో ఒకటి పాడవుతుంది.

పంటల విషయానికొస్తే, మీ జాబితాలో సగం టన్నెల్‌కు పనికిరావు.

జుకినీకి తేనెటీగ కావాలి. వల లోపలికి ఈగ రాదు, రోజూ పొద్దున ఎనిమిదిలోపు మగపువ్వు తెంపి ఆడపువ్వుకు అద్దే ఓపిక ఉంటే తప్ప పిందెలు పసుపెక్కి రాలతాయి. బయట చలికాలంలో వేసుకోండి. కీరదోస అడిగితే మాత్రం లోపల వేయొచ్చు, పరాగసంపర్కం లేకుండా కాసే పార్థినోకార్పిక్ రకం అయితేనే. మామూలు కీర, బీర, కాకర లోపల పెట్టొద్దు. స్ట్రాబెర్రీకి మన దగ్గర టన్నెల్ అక్కర్లేదు, చలికాలంలో బయట మల్చింగ్ మీదే వస్తుంది, లోపలి వేడికి కాయ చిన్నదవుతుంది.

రంగు క్యాప్సికం ఊరిస్తుంది, కానీ మొదటి రెండేళ్లు వద్దు. ఎనిమిది తొమ్మిది నెలలు నేలను పట్టి ఉంచే పంట అది. పచ్చికాయ రంగు తిరగడానికే మొక్క మీద మరో మూడు వారాలు ఆగాలి. ఆ పొడవునా నల్లి, తామర పురుగు కాచుకుని ఉంటాయి. 2021లో తెలుగు రాష్ట్రాల మిర్చిని దెబ్బతీసిన నల్ల తామర పురుగు క్యాప్సికంను కూడా అంతే ఇష్టంగా తింటుంది, 40 మెష్‌లోంచి హాయిగా దూరుతుంది. రసాయనాలు కొట్టేవాళ్లకే లొంగని పురుగును, అలవాటు పడని చేతితో, కొత్త టన్నెల్‌లో ఎదుర్కోవాల్సిన పని మీకు లేదు.

మీ టన్నెల్ ఖర్చును రాబట్టేది మీరు అడగని పంట: వానాకాలపు కొత్తిమీర. జూలై, ఆగస్టుల్లో బయటి కొత్తిమీర వాన దెబ్బకు మట్టి అంటి కుళ్లుతుంది, ధర ఎక్కుతుంది. లోపల తడవకుండా శుభ్రంగా వస్తుంది. గింజలను రెండు బద్దలయ్యేలా నలిపి, రాత్రంతా నానబెట్టి, మడికి 150 గ్రాముల లెక్కన నాలుగంగుళాల ఎడంతో సాళ్లలో వేయండి. వెదజల్లితే ఒత్తుగా మొలిచి, గాలి ఆడక, మొలకలు మొదట్లోనే కుళ్లి పడిపోతాయి. జూన్ చివర ఒక విడత, ఆగస్టు మొదట్లో రెండో విడత, సెప్టెంబర్ నడిమికి మడులు ఖాళీ.

అప్పుడు మధ్య మడి, పడమటి మడి చెర్రీ టమాటకు. తూర్పు మడి లెట్యూస్‌కు. మొదటి ఏడు ఈ వరస మార్చకండి. మధ్యాహ్నం తర్వాతి ఎండను పడమర పక్కనున్న టమాట అడ్డుకుంటే లెట్యూస్ చల్లగా ఉంటుంది.

చెర్రీ టమాట నారు ఆగస్టు నడిమిలో ట్రేలలో, వల కింద. ఎర్రగా, గులాబీగా రంగు పూసిన విత్తనం థైరమ్ లాంటి శిలీంధ్రనాశిని పట్టించినది, సేంద్రియానికి కుదరదు. రంగు లేని విత్తనం అడిగి తీసుకోండి. 25 నుంచి 28 రోజుల నారును మడికి రెండు వరసల్లో, అడుగున్నర ఎడంతో నాటితే రెండు మడులకు 170 మొక్కలు. ఒక్కో మొక్కకు ఒకే కాండం ఉంచి, ఆకు చంకల్లో వచ్చే పిలకలను వేలెడు పొడవు కాకముందే పొద్దున పూట గిల్లేయాలి. ముదిరాక కత్తిరిస్తే ఆ గాయంలోంచి కుళ్లు దిగుతుంది. దారాలను కమాన్లకు కట్టొద్దు. కాయతో మొక్క 5 కిలోలు తూగినా 170 మొక్కలకు 850 కిలోలు. మడి రెండు చివర్లా, మధ్యలో రెండుచోట్లా వేరే గుంజలు పాతి, వాటి మీద లాగిన తీగకు కట్టండి. పడమటి గోడ పక్క వరసకు కప్పు అయిదున్నర అడుగుల ఎత్తులోనే ఉంటుంది. అక్కడ మొక్క తీగను తాకగానే దారం వదులు చేసి కాండాన్ని పక్కకు దించుతూ పోవాలి.

టమాటకు ఈగ అవసరం లేదు, కదలిక మాత్రం కావాలి. గాలి తక్కువ ఉండే టన్నెల్‌లో పూత మొదలయ్యాక రోజూ పొద్దున తొమ్మిది నుంచి పదకొండు మధ్య పై తీగను కర్రతో నాలుగు తట్లు తట్టండి. ఎదిగిన మొక్కకు చలికాలంలో రోజుకు లీటరు నుంచి లీటరున్నర, అంటే ఈ రెండు మడులకు 20 నుంచి 30 నిమిషాల డ్రిప్, రెండు పూటలుగా. రెండు రోజులు మరిచిపోయి మూడో రోజు గంటసేపు వదిలితే చెర్రీ కాయలన్నీ పగులుతాయి. కాయ అడుగున నల్ల మచ్చ వస్తే కాల్షియం తక్కువని సున్నం పోయకండి. మన బోరు నీళ్లలో అది కావలసినంత ఉంటుంది, తడి హెచ్చుతగ్గుల వల్ల కాయదాకా చేరడం లేదంతే.

ఆకులు పైకి ముడుచుకుని, మొక్క గిడసబారితే ఆకుముడత. కొత్త చిగురు కంచు రంగు తిరిగి, నల్లటి చారలతో మొవ్వు ఎండితే మొవ్వుకుళ్లు. రెంటికీ మందు లేదు. ప్లాస్టిక్ సంచి తొడిగి, పీకి, బయటికి తీసుకెళ్లి పూడ్చేయాలి, అదే రోజు. తెల్లదోమను పసుపు జిగురు అట్టలు, తామర పురుగును నీలం అట్టలు చూపిస్తాయి. మడికి మూడేసి పెట్టి ప్రతి ఆదివారం లెక్క చూడండి. పెరుగుతున్నాయంటే 10,000 పీపీఎం వేపనూనె లీటరుకు 2 మిల్లీలీటర్లు, సాయంత్రం ఆకు అడుగు తడిసేలా కొట్టండి. వాన తగలని ఆకుల మీద నల్లి, బూడిద తెగులు బయటికంటే ఎక్కువ వస్తాయి. వారానికోసారి పొద్దున్నే ఆకుల అడుగుకు నీళ్లు జోరుగా కొడితే నల్లి సగం కొట్టుకుపోతుంది, ఎండ వచ్చేసరికి ఆకు ఆరిపోతుంది. బూడిదకు నీళ్లలో కరిగే గంధకం సేంద్రియంలో చెల్లుతుంది కానీ ఫిల్మ్‌లోని యూవీ రక్షణను అది తినేస్తుంది. ఎప్పుడో ఒకసారికి వాడండి, వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు అసలు వద్దు, ఆకు మాడుతుంది.

లెట్యూస్‌లో చాలామంది ఓడిపోయేది మొలక దగ్గరే. నేల 28, 30 డిగ్రీలు దాటితే గింజ నిద్రలోకి పోతుంది. పాత విత్తనం ఇచ్చారని షాపువాళ్లను తిట్టుకుంటారు. సెప్టెంబర్ చివర్లో విత్తేటప్పుడు ట్రేలను ఇంట్లో చల్లని మూల పెట్టండి, మొలక కనపడగానే వెలుతురులోకి మార్చండి. గింజ మీద కోకోపీట్ కప్పొద్దు, వెలుతురు సోకితేనే మొలుస్తుంది, చిలకరించి వదిలితే చాలు. మూడు వారాల నారును మడికి మూడు వరసల్లో 10 అంగుళాల ఎడంతో నాటితే 230 మొక్కలు పడతాయి. నాటిన 45 రోజులకు కోత. మొత్తం ఒకేసారి నాటితే ఒక ఆదివారం 230 తయారై, తర్వాతి ఆదివారానికి చేదెక్కి పూత గెడ తన్నుతాయి. వారానికి 35 చొప్పున నారు పోస్తూ, నాటుతూ పోండి, నవంబర్ చివరికి మడి నిండుతుంది, అక్కడినుంచి ఫిబ్రవరిదాకా ప్రతి ఆదివారం 35 వస్తాయి. మూడు అపార్ట్‌మెంట్లకు అంతకంటే ఎక్కువ పోతుందో లేదో ముందే అడిగి తెలుసుకోండి. కోత సూర్యోదయానికి ముందు. ఎండ తగిలాక కోసిన ఆకు ఎంత చల్లనీళ్లలో ముంచినా పెళపెళ రాదు.

బేసిల్‌ను లెట్యూస్ మడి చివర నాలుగడుగుల్లో పెట్టుకోండి. ఆరు ఆకులు రాగానే తల తుంచితే గుబురు కడుతుంది, పువ్వు గెల రానివ్వొద్దు. కోశాక ఫ్రిజ్‌లో పెడితే ఆకు నల్లబడుతుంది. గ్లాసు నీళ్లలో కాడలు ముంచి బయటే ఉంచమని కొనేవాళ్లకు చెప్పండి.

లోపల మొక్క ఎత్తులో, నీడ తగిలేలా ఒక గరిష్ఠ, కనిష్ఠ థర్మామీటర్ వేలాడదీయండి, అలాంటిదే బయట చెట్టు కింద మరొకటి. మధ్యాహ్నం తేడా నాలుగైదు డిగ్రీలు దాటుతోందంటే గాలి ఆడటం లేదు. ముందు వల చూడండి, చాలాసార్లు దుమ్ము పట్టి కన్నాలు మూసుకుపోయి ఉంటాయి, నీళ్లతో కడిగితే తేడా తగ్గుతుంది. వానలు వెనకబడ్డాక కప్పు కూడా ఒకసారి కడిగించండి. పాచి పట్టిన ఫిల్మ్ కింద మొక్కలు వెలుతురు కోసం సన్నగా సాగిపోతాయి.

రెండో ఏడు నుంచి వేసవిలో ఒక్కో మడికి వంతులవారీగా షీటు పరిచి, మిగతా రెంటి మీద 50 శాతం షేడ్‌నెట్ కట్టి పాలకూర, కొత్తిమీర తీయొచ్చు. టమాట మడి కూడా ఏటా మారాలి. మూడు మడులే కాబట్టి ఇది పెద్ద మార్పిడి కాదు. నులిపురుగు మళ్లీ కనిపిస్తే ఒక చలికాలం టమాట పూర్తిగా మానేసి రెండు మడులు బంతికి, ఒకటి లెట్యూస్‌కు ఇవ్వడానికి సిద్ధంగా ఉండండి.

డబ్బు సంగతి. కేంద్రం నడిపే ఎంఐడీహెచ్ (సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్) పథకం కింద రక్షిత సాగుకు 50 శాతం రాయితీ ఉంది. మంజూరు పత్రం చేతికి రాకముందే సామాను కొంటే వర్తించదు కాబట్టి ముందు మీ మండల ఉద్యాన అధికారిని కలిసి ఈ ఏటి నిధులు, కొలతల నిబంధన కనుక్కోండి. రాయితీ కోసం మీకు అవసరం లేని పెద్ద నిర్మాణం వైపు జరగాల్సి వస్తే వదిలేయడమే నయం. పైపులు కోయించే ముందు ఒకసారి జీడిమెట్లలోని ఉద్యానశాఖ సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌కు వెళ్లి, ప్రొఫైల్‌లో స్ప్రింగు ఎలా కూర్చుంటుందో, రెండు తలుపుల గది ఎలా ఉంటుందో దగ్గరగా చూసి రండి. మీ ఊరి వెల్డర్‌ను కూడా వెంట తీసుకెళ్లండి.